తూబా గొంతు

"ఇదేం కవిత్వమండీ! పంక్తి సగంలో తెగిపోతుంది. రాసేటప్పుడు ఆవిడకి ఎక్కిళ్లు వచ్చాయేమో!"

హూమన్ పత్రికను బల్ల మీద పడేసి, చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని చాయ్ అందుకున్నాడు. టెహ్రాన్‌లో ఫరాహీ గారి సినిమా స్టూడియో పెరట్లో అందరూ టీ తాగుతున్నారు. హూమన్ అక్కడ సౌండ్ రికార్డిస్టు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఆ పొద్దునే ఎడిటింగ్‌లో చేరింది.

"అయితే మీకు నచ్చలేదన్నమాట."

"నచ్చలేదని ఎవరన్నారు? రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. అదే నా బాధ."

"రాసినావిడ ఎదురుపడితే ఏమంటారు?"

"కాసిని మంచినీళ్లు తాగమంటాను."

ఆమె తన ముందున్న గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. "తాగేశాను. నా పేరు తూబా."

చక్కెర ముక్క అడ్డం పడి, హూమన్‌కే ఎక్కిళ్లు మొదలయ్యాయి.

తూబా పేరు అప్పటికే ఊరందరికీ తెలుసు. చిన్న వయసులో పెళ్లయింది. కవిత్వం మానేయమన్న మొగుణ్ణి కాదని బయటికొచ్చేసింది. ఆ బాధా, ఆ కోరికా దాచకుండా పత్రికల్లో రాసింది. కొందరు చేతులెత్తి మొక్కారు, కొందరు సిగ్గులేనిదన్నారు. ఆమె మాత్రం సినిమా రీళ్లు కత్తిరించి అతికించడం నేర్చుకుంటూ, ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ పెడితే గుండె ఝల్లుమంటుందో చూసుకుంటూ కూర్చుంది.

వసంతం రాగానే ఫరాహీ గారు ఆమెకి సొంతంగా ఒక చిన్న సినిమా అప్పజెప్పారు. టెహ్రాన్ పక్కనే ఉన్న రే అనే ఊళ్లో, ఊట దగ్గర తివాచీలు ఉతికేవాళ్ల కథ. సౌండుకి హూమన్‌ని పంపారు.

"ఇతనా?" అంది తూబా.

"ఈవిడా?" అన్నాడు హూమన్.

ఇద్దరికీ లోపల సంతోషమే.

కొండ బండల మీద ఎర్రటి తివాచీలు ఆరుతున్నాయి. కెమెరా తిరుగుతుండగానే వాన విరుచుకుపడింది. ఉతికేవాళ్లు కేకలేస్తూ తివాచీలు చుట్టడానికి పరుగెత్తారు.

"ఓ సినిమా అమ్మాయ్! నిలబడి చూస్తావేం? ఆ కొస పట్టు!" అని ఒక ముసలాయన అరిచాడు.

తూబా చెప్పులు వదిలేసి ఉరికింది. బురదలో జారి, లేచి, పగలబడి నవ్వుతూ కొస పట్టుకుంది. హూమన్ టేపు మిషన్‌ని కోటు కింద దాచుకుని వంగి నిలబడ్డాడు.

"తడిసి ముద్దయిపోతున్నారండీ!" అని అరిచింది తూబా.

"నేను ఆరతాను తూబా గారూ! మిషన్ తడిస్తే మళ్లీ పలకదు!"

బండ చాటున వాన తగ్గేదాకా ఆగారు. తూబా సినిమాకి రాసుకున్న మాటలు తనలో తనే చదువుకుంది. 'ఈ తివాచీ మీద ఎవరి పాదాలో నడిచాయి. ఆ మురికంతా నీళ్లే తీసుకెళ్లాయి. రంగు మాత్రం మిగిలింది.' హూమన్ మిషన్ ఆపలేదు. ఆమె గొంతు కొంచెం జీరగా, వాన చప్పుడులో కలిసిపోయి ఉంది. అతనికి ఇక ఇంకో గొంతు వినబుద్ధి కాలేదు.

కానీ సినిమాలో ఆ మాటలు చదవడానికి ఫరాహీ గారు రేడియోలో వార్తలు చదివే పెద్దమనిషిని పిలిపించారు. ఆయన తివాచీల గురించి యుద్ధవార్తలా చదివిపోయాడు. హూమన్ ఉండబట్టలేక, ఆ గొంతు తీసేసి, వానలో రికార్డయిన తూబా గొంతు అతికించి ఆమెకే వేసి చూపించాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు.

తూబా మొహం పాలిపోయింది. "నన్నడిగారా?"

"మీకు నచ్చుతుందని..."

"ఒకాయన నోరు మూసుకోమన్నాడు, నన్నడక్కుండా. మీరు నోరు తెరిపించారు, నన్నడక్కుండా. తేడా ఏముంది హూమన్ గారూ? నా గొంతు వింటే జనం తివాచీలు చూడరు. ఈవిడేనట అంటూ నన్ను చూస్తారు."

హూమన్ మిషన్ ఆపాడు. ఆ టేపు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తప్పయిపోయింది. మీరు వద్దంటే వార్తలాయనే చదువుతాడు. కావాలంటే మీరే చదవండి. మీ ఇష్టం."

కొన్నాళ్లు స్టూడియో పెరట్లో ఇద్దరూ చెరో బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. చాయ్ చల్లారిపోయేది. సాయంత్రాలు తూబా ఒక్కతే గదిలో కూర్చుని ఆ టేపు వింటోందని మాత్రం అతనికి తెలుసు.

ఒక పొద్దున ఆమె తనే రికార్డింగ్ గదిలోకి వచ్చి మైకు ముందు నిలబడింది. "జనం నన్నే చూడనీండి. చూసి చూసి విసుగొస్తే తివాచీల వైపు తిరుగుతారు. ఊఁ, మొదలుపెట్టండి."

చదవడం అయ్యేసరికి ఫరాహీ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తూబా మైకు వదల్లేదు.

"ఇంకో మాట. ఇది కాగితంలో లేదు. హూమన్, నువ్వంటే నాకిష్టం."

హూమన్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీయలేదు. తీస్తే ఆ మాట పోతుందేమోనని భయం.

"జవాబు చెప్పవయ్యా, రీలు అయిపోతోంది!" అన్నారు ఫరాహీ గారు.

"ఎప్పట్నుంచో... నాకూనూ," అన్నాడు హూమన్.

శుక్రవారం మధ్యాహ్నం తూబాని ఇంటికి భోజనానికి తీసుకెళ్లాడు. తల్లి మోనవ్వర్ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీ మొగుడి సంగతులన్నీ పత్రికల్లో రాశావటగా?"

"రాశానండి."

"నా కొడుకు గురించి కూడా రాస్తావా?"

హూమన్ చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"రాస్తాను. దాచుకోవడం నాకు చేతకాదు," అంది తూబా మెల్లగా.

మోనవ్వర్ లేచి, గిన్నె అడుగున బంగారు రంగులో అంటిన కరకరలాడే అన్నాన్ని విరిచింది. ఆ ఇంట్లో దానికోసం ఏళ్ల తరబడి యుద్ధాలు జరిగాయి. పెద్ద ముక్క తూబా కంచంలో పడింది, హూమన్‌కి చిన్నది దక్కింది.

"రాసుకో తల్లీ. నిజమే రాయి. నా గురించి రాసేటప్పుడు మాత్రం వయసు కాస్త తగ్గించు."