ఉత్తరాన తుఫాను

రిఫరీని వెనకనుంచి కాల్చారు. పిస్టల్‌కి సైలెన్సర్ బిగించి ఉంటుంది, పక్కగదికి కూడా వినబడలేదు. బొమ్మ నౌకలు పరిచిన పెద్ద మ్యాప్ మీద ఆయన బోర్లా పడి ఉన్నాడు. గుప్పిట విప్పితే అందులో ఒకే ఒక్క చెక్క బిళ్ళ. ఆయిల్ ట్యాంకర్.

"పోయేవాడు చేతికందింది పట్టుకుంటాడు కదా సార్," అన్నాడు మేకు.

అతని అసలు పేరు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. ఎక్కడ దిగ్గొడితే అక్కడే ఉంటాడని చీఫ్ పెట్టిన పేరు అది. ప్రమోషన్ల విషయంలో కూడా అక్కడే ఉన్నాడు.

"అది చేతికందే దూరంలో లేదు," అన్నాడు చీఫ్. "బల్ల అవతలి అంచున ఉండేది. రక్తం మరక చూడు, పాక్కుంటూ వెళ్ళి మరీ తీసుకున్నాడు."

బ్రీఫింగ్ అక్కడే, శవం పక్కనే జరిగింది. అది పాత పసిఫిక్ యుద్ధాన్ని ఆటగా ఆడుకునే క్లబ్. రెండు జట్లు, రెండు గదులు. నౌకలు ఎటు పోవాలో, విమానాలు ఎక్కడ వెతకాలో ఎవరి ఆర్డర్లు వాళ్ళు రిఫరీకి చెప్తారు. ఎవరికేం కనబడిందో రిఫరీయే తిరిగి చెప్తాడు.

"ఒక జట్టులో మన నేవీ కమాండర్ ఉన్నాడు. ప్లానింగ్ సెక్షన్," అన్నాడు చీఫ్. "ఆయిల్ ట్యాంకర్‌ని దీవి దాటించడానికి తను ఆఫీసులో వేసిన నిజం ప్లాన్ పారుతుందో లేదో చూద్దామని, దీవుల పేర్లు మార్చి ఇక్కడ ఆడి చూస్తున్నాడు."

మేకు మ్యాప్ మీద దీవుల పేర్లు వెతికాడు.

"ఆట పిచ్చి. పెళ్ళాం దగ్గర కూడా నోరు విప్పని మనిషి, మ్యాప్ కనబడేసరికి ఆగలేకపోయాడు. పొద్దున నా ముందు కూర్చుని ఏడ్చాడు. ఏడిస్తే ఏం లాభం? అవతలి జట్టులో ఇద్దరు. నౌకలు నడిపేది పళ్ళ డాక్టర్. విమానాలు నడిపేది ఎప్పుడూ ముత్యాల కమ్మలు పెట్టుకునే ఆవిడ. ముత్యాలావిడ అంటాం. ఆవిడ మన ఏజెంటే. శత్రువుల దగ్గర కూడా జీతం తీసుకుంటోంది. చివరికి ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి. ఇద్దరిలో ఒకరు ఈయన్ని చంపారు."

"ఇద్దర్నీ లోపలెయ్యండి."

"వేస్తే, కబురు రాలేదని వాళ్ళ సబ్‌మెరైన్ దీవికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, రెండు దారులకీ మధ్యలో కాపు కాస్తుంది. సగం అవకాశం దానికి. నాకు ఆ సగం కూడా వద్దు. నిజం ట్యాంకర్ బయల్దేరిపోయింది. దీవికి దక్షిణంగా పోతోంది. రేడియో సైలెన్స్, మనం పిలిచినా పలకదు. సబ్‌మెరైన్‌ని ఉత్తరానికి తోలాలి. చీకటి పడేలోపు."

చీఫ్ మేకు వైపు తిరిగాడు. "ట్యాంకర్ ఇంజిన్ రూమ్‌లో మీ తమ్ముడున్నాడు కదూ."

"తెలిసే పిలిచారా?"

"తెలిసే పిలిచాను. ఈ ఆట నీకు నేర్పింది కూడా వాడే."

మధ్యాహ్నానికి కొత్త రిఫరీ వచ్చాడు. నెరిసిన విగ్గు, లావుపాటి కళ్ళద్దాలు. అద్దాల కాడలో మైక్రోఫోన్. క్లబ్ వాళ్ళకి పాత రిఫరీ ఊరెళ్ళాడని చెప్పారు. మేకు అందరి ముందూ పాచికలు వేసి వాతావరణం ప్రకటించాడు. ఉత్తరాన తుఫాను. మ్యాప్ మీద అక్కడ బూడిదరంగు బిళ్ళ పెట్టాడు.

మొదటి గదిలో కమాండర్ కుర్చీ పక్కన నిలబడే ఉన్నాడు. "నేను కావాలని చెయ్యలేదు," అని గొణిగాడు.

"కూర్చుని ఆడండి సార్. వచ్చిన పని అదొక్కటేగా."

రెండో గదిలో మేకు ఎర వేశాడు. "మీ స్కౌట్ విమానానికి రెండు క్యారియర్ నౌకలు కనబడ్డాయి. డెక్ నిండా విమానాలు, పెట్రోల్ పోసుకుంటున్నాయి. పైన కాపలా లేదు."

ముత్యాలావిడ కుర్చీలోంచి సగం లేచింది. చెవుల ముత్యాలు ఊగాయి. "బాంబర్లన్నీ పంపండి. ఒక్కటి కూడా మిగలకూడదు."

"తొందరేముంది," అన్నాడు డాక్టర్, లైటర్ మూత తీస్తూ వేస్తూ. ఆయన సిగరెట్ తాగగా చూసినవాళ్ళు లేరు. "ముందు ట్యాంకర్ ఎటు పోతోందో వెతకమనండి."

"మీ దగ్గర పళ్ళు పీకించుకునేవాళ్ళ మీద జాలేస్తోంది డాక్టర్‌గారూ. కళ్ళెదురుగా పుచ్చిపన్ను పెట్టుకుని బుగ్గ నొక్కుతారేమిటండీ?"

మేకుకి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఈ ఆట ఆడేవాడు ఇల్లు అంటుకుంటున్నా సరే, అంత తేరగా దొరికిన క్యారియర్‌ని వదలడు. వదిలాడంటే వాడు ఆడటం లేదు. పాపం పాత రిఫరీకీ ఇలాగే తెలిసుంటుంది. తెలిసినట్టు మొహంలో కనబడి ఉంటుంది.

"కనబడింది," అన్నాడు మేకు. "ట్యాంకర్. ఉత్తరం దారిలో."

డాక్టర్ బొటనవేలు లైటర్ చక్రం మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"ఉత్తరాన తుఫాను కదా."

తను పెట్టిన బిళ్ళ సంగతి మేకు మర్చేపోయాడు. అన్నయ్యా, నువ్వెప్పుడూ వాతావరణం మర్చిపోతావ్ అని తమ్ముడు ఎన్నిసార్లు తిట్టాడో.

"తుఫానులో విమానానికి ఎలా కనబడింది రిఫరీగారూ?" డాక్టర్ రెండో చెయ్యి కోటులోకి పోయింది.

"అది పోయిన టర్న్ తుఫాను," అంది ముత్యాలావిడ గోళ్ళు చూసుకుంటూ. "టర్న్ మారితే తూర్పుకి జరుగుతుంది. ఇన్నాళ్ళు ఆడి ఆ రూల్ కూడా తెలీదా?"

అలాంటి రూల్ లేదు. ఆడేవాడికి తెలుస్తుంది. ఏనాడూ ఆడనివాడు సిగ్గుపడి తలూపాడు, చక్రం తిప్పాడు. మంట రాలేదు. లైటర్ అడుగున ఎర్ర చుక్క వెలిగి ఆరింది. కబురు వెళ్ళిపోయింది. ఒక్క మెరుపంటే ఉత్తరం, రెండంటే దక్షిణం.

అప్పుడు డాక్టర్ తలుపులోంచి మ్యాప్ కేసి చూశాడు. బూడిదరంగు బిళ్ళ పెట్టినచోటే ఉంది.

ఆయన వేలు మళ్ళీ చక్రం మీదికి వెళ్ళేలోపు ముత్యాలావిడ లైటర్ లాక్కుంది. డాక్టర్ కోటులోంచి పిస్టల్ దగ్గినట్టు చప్పుడు చేసింది. మేకు కుర్చీ ఎత్తి డాక్టర్ తలమీద దించాడు. రెండో దెబ్బ అవసరం లేదు. అయినా వేశాడు.

ఆవిడ గోడకి జారగిలబడింది. గుప్పిట్లో లైటర్.

"రెండోసారి వెళ్ళిందా?" అని అడిగింది.

"వెళ్ళలేదు."

"మరి నా క్యారియర్లు?"

ఆ సముద్రంలో క్యారియర్లు లేనే లేవు. "రెండూ మునిగాయండీ," అన్నాడు మేకు.

"చెప్పానా," అంది ఆవిడ. చెవుల ముత్యాలు కదలడం ఆగింది.

చీఫ్ వచ్చి ఆవిడ గుప్పిట విప్పబోయాడు. రాలేదు. గుమ్మంలో కమాండర్ నిలబడి, "అయితే ప్లాన్ పారినట్టేనా?" అని అడిగాడు.

ట్యాంకర్ రేవు చేరాక తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఇంత బోరు ట్రిప్ ఎప్పుడూ చూళ్ళేదు అన్నయ్యా. నువ్వేం చేశావ్?"

"మన ఆట ఆడాను. వాతావరణం మర్చిపోయాను."

"మళ్ళీనా? ఓడిపోయుంటావ్."

"లేదు. పక్కనున్నావిడ కాపాడింది."

"మంచి ప్లేయర్‌లా ఉంది. ఈసారి వచ్చినప్పుడు పరిచయం చెయ్యి."

మేకు ఫోన్ ఇంకో చెవికి మార్చుకుని, ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయిపోయిందని చెప్పాడు.