దీపం వేళకి వచ్చే ఉద్యోగం

బయటికి వెళ్ళినవాళ్ళ కోసమే ఇల్లు ఎదురుచూస్తుందేం? ఇంట్లోనే ఉన్న మనిషి కోసం ఎందుకు చూడదు? రాజశ్రీకి ఏళ్ళ తరబడి ఉన్న అనుమానం ఇది. రోజూ పొద్దున్నే దేవుడి గూడు తుడుస్తూ వేంకటేశ్వరుడినే అడిగేది. ఆయన ఏనాడూ జవాబు చెప్పలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నా తుడుస్తూ ఉండగానే తోటికోడలు భావన మిఠాయి డబ్బాతో వచ్చింది.

"అత్తయ్యా, ఆసుపత్రి నౌకరీ పక్కా అయిపోయింది! శంకర్ నగర్ ఏజెన్సీకి నిన్ననే సలామ్ కొట్టేశాను."

"అదీ ఈ రాతపనేనేటే?" అంది మంచం మీది అత్తగారు దాలమ్మ.

"రాతపనే. కానీ అక్కడ పది కంపెనీల ప్రకటనలు, పదిమందీ యజమానులే. పండరీ బజారు బట్టల సేఠ్ చీకటిపడ్డాక ఫోన్ చేసి మార్చమన్నా మార్చాలి. ఇక్కడ ఆసుపత్రి ఒక్కటే. దాని పత్రిక, దాని ప్రకటనలు నేను చూసుకోవాలి. సాయంత్రం ఆరయిందా, పని బంద్, ఛుట్టీ!"

"మా తల్లే! ఇంక సందేళకి ఇంట్లో ఉంటావన్నమాట. నీ సేతి దీపం సూడాలని ఎన్నాళ్ళ బట్టో ఆశ."

రాజశ్రీ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

భావన ఇల్లు పట్టకుండా తిరిగినన్నాళ్ళూ చుట్టాలు "ఇల్లంతా పెద్దకోడలి మీదే నడుస్తోంది" అనేవారు. ఆ మాటే రాజశ్రీకి జీతం. ఇప్పుడు దీనికి ఆఫీసూ ఉంటుంది, సంధ్యదీపమూ ఉంటుంది. మరి తనకేం మిగులుతుంది? ఆ రోజు ఆనపకాయ కూరలో ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది. ఎవరూ ఏమీ అనకపోతే ఇంకా మండింది.

సాయంత్రం వంటింట్లోంచి వచ్చేసరికి గూటి ముందు భావన కూర్చుని ఉంది, చేతిలో అగ్గిపెట్టెతో.

"ఒక్కరోజైనా ఆగలేకపోయావా? బయట గెలిచింది చాలక నా మూల కూడా కావాలా నీకు?"

"అక్కా..."

"అక్కా లేదు, గిక్కా లేదు! నువ్వు ఊరంతా తిరిగి పేరు తెచ్చుకున్నావు. నాకు ఈ గూడొక్కటే ఉంది. ఇదీ తీసేసుకో!"

భావన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు నిన్ను చూస్తే ఎంత కుళ్ళో తెలుసా అక్కా? పోయిన వానాకాలం అత్తయ్య జ్వరంలో ఉంటే పక్కన కూర్చుంది నేను. 'రాజీ, నీళ్ళియ్యే' అని పిలిచింది నిన్ను. ఈ ఇంట్లో నేను చుట్టానిలాగే మిగిలిపోయాను. అందుకే జీతం తక్కువైనా ఒప్పుకున్నాను."

రాజశ్రీ భావన ముఖంలోకి చూసింది. తనను చూసి కూడా ఒకరు అసూయపడతారా?

"పెళ్ళయిన మొదటి శుక్రవారం గుర్తుందా? నా చేత దీపం పెట్టించాలని అందరూ నిలబడితే, ఫోనొచ్చిందని పరిగెత్తాను. నా బదులు నువ్వు పెట్టావు. 'నీకో దీపం బాకీ అక్కా' అన్నాను. ఆ ఒక్కటీ తీర్చనీ. రేపటి నుంచి నువ్వే పెట్టుకో."

రాజశ్రీ ప్రమిద వైపు చూసింది. అందులో ఒంటి వత్తి ఉంది.

"ఒంటి వత్తి పెట్టకూడదే పిచ్చిదానా. రెండూ కలిపి పేనాలి," అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుని ఇంకో వత్తి అందించింది. అందించి, ఉండబుద్ధి కాక గుమ్మం వైపు జరిగింది.

భావన వంకరటింకరగా పేని, అగ్గిపుల్ల గీసింది.

చూపు సరిగ్గా ఆనని దాలమ్మ మంచం మీంచి తల ఎత్తింది. "రాజీ ఏదే? అది రాకుండా ఎలిగించీకు!"

భావన పుల్ల పట్టుకుని అలాగే ఆగిపోయింది. మంట వేళ్ళ దగ్గరికి వస్తోంది.

"ఇక్కడే ఉన్నానత్తయ్యా," అంటూ రాజశ్రీ వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది. "ఊ, వెలిగించవే. చెయ్యి కాల్తుంది."

వత్తి అంటుకుంది.