మొక్కకీ మొక్కకీ పదడుగులు

"దొంగా! కదిలావంటే కేకేస్తాను!"

తెల్లారి ఆరింటికి, చేతిలో మొక్కతో గుంత ముందు గొంతుక్కూర్చున్న నేను ఎటు కదలాలో తెలియక బిత్తరపోయాను. వచ్చింది బడిలో సైన్సు టీచరు. నిన్న మొక్కల పండగ. నా చేతిలోది ఆవిడ నాటిన మొక్కే.

"ఆల్రెడీ కేకేశారుగా మేడం," అన్నాను.

నవ్వబోయి ఆపుకుంది. లేక పళ్ళు కొరికిందో! మొహాలు చదివే చదువు నాకెక్కడిది? ఐదో తరగతిలో బడి మానేసి ఈ నర్సరీలో గునపం పట్టినవాణ్ణి. నలభై రెండేళ్ళొచ్చాయి. పిల్లనిస్తామన్నవాళ్ళూ లేరు, జీతం పెంచుతామన్నవాళ్ళూ లేరు.

"మూడేళ్ళుగా చూస్తున్నా. నేను నాటడం, తెల్లారేసరికి మాయం! ఎవరికి అమ్ముతున్నావయ్యా? ఇదిగో, మీ ఆఫీసరుకి కంప్లయింట్ రాసుకొచ్చాను."

ఉద్యోగం పోతే పోయింది. ఈవిడ నన్ను దొంగనుకుని వెళ్ళిపోతుందే, అదే ఎందుకో ఓర్చుకోలేకపోయాను.

"ఈ పండగెలా పుట్టిందో నిన్న మైకులో చెప్పారుగా. మళ్ళీ చెప్పండి."

"ఎక్కడో పరదేశంలో, చెట్టన్నది లేని మైదానంలో కాపురాలు పెట్టినవాళ్ళు మొదలెట్టారు. ఎక్కువ నాటినవాళ్ళకి బహుమతులిచ్చారు. అయితే?"

"వాళ్ళకి ఆ రోజులు నాటే కాలమేనా?"

"అయ్యే ఉంటుంది..." ఆవిడ గొంతు తగ్గింది.

"మనం పండగతోపాటు తేదీ కూడా తెచ్చుకున్నాం. ఫొటోలు దిగి అందరూ పోతారు. ఈ మండుటెండకి వారంలో మొక్క పుల్లవుతుంది. అందుకే మట్టిముద్దతో తీసి నీడన పెట్టి, వానలు పడ్డాక నాటుతున్నా."

"ఎక్కడ?"

నర్సరీ వెనక్కి తీసుకెళ్ళాను. కంచె వెంట వరస. మొదటేడువి నా తల దాటాయి.

"ఇంత దూరం దూరంగానా?"

"మొక్కకీ మొక్కకీ పదడుగులుండాలి మేడం. లేకపోతే రెండూ ఎదగవు."

ఒకచోట ఆగిపోయింది. కొమ్మకి, పండగరోజు తను పేరు రాసి కట్టిన చీటీ.

"మునిసిపల్ ఛైర్మన్‌గారు కట్టిన చీటీ ఏది?"

"పారేశా."

"మీ ఆఫీసరుది?"

"అదీ అంతే."

"మరి నాది ఎందుకుంచారు? పైగా తడవకుండా ప్లాస్టిక్ చుట్టి!"

ఇందాక నువ్వు, ఇప్పుడు మీరు. ఏది మంచిదో తేలక చెవులు వేడెక్కాయి.

"ఏమో మేడం... ప్లాస్టిక్ మిగిలింది."

ఆవిడ కంప్లయింట్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి వెళ్ళిపోయింది. క్షమించిందా? చీదరించుకుందా? నెలన్నర పాటు గుంతలు తవ్వుతూ అదే ఆలోచన. ఒకరోజు తవ్విన గుంతనే మళ్ళీ తవ్వాను.

తొలివాన పడిన సాయంత్రం గొడుగుతో వచ్చింది. చేతిలో మళ్ళీ కాగితం.

"మళ్ళీ కంప్లయింటా?"

"చదవండి."

కూడబలుక్కుని చదివాను. మొక్కల పండగని వానాకాలానికి మార్చమని అర్జీ.

"కింద రెండు సంతకాలు కావాలి. ఒకటి నాది, పెట్టేశాను. రెండోది మొక్కల సంగతి తెలిసినవాళ్ళది."

చేతులు తుడుచుకుని పెన్ను పుచ్చుకున్నాను. ఆవిడ పేరుకి గౌరవంగా బాగా ఎడం వదిలి, కాగితం చివర్న పెట్టబోయాను.

ఆవిడ నా వేలు పట్టి పెన్నుని తన పేరు పక్కకి లాగింది.

"పదడుగులు మొక్కలకి," అంది, వానకేసి చూస్తూ. "మనకి అక్కర్లేదు."