నింపి తిరిగిచ్చిన డబ్బా

"చల్లనీళ్ళు తాగితే ఎడమవైపు పన్ను జివ్వుమంటోంది," అన్నాడు ఏజెంట్ చిలక్కొయ్య.

"ఈ చలికాలంలో చల్లనీళ్ళు ఎవరు తాగమన్నారు?" అన్నాడు డెంటిస్ట్.

కోడ్ కలిసింది. డెంటిస్ట్ తలుపు గడియ పెట్టి, డ్రిల్లింగ్ మెషీన్ ఆన్ చేసి పక్కన పెట్టేశాడు. ఆ రొదలో గోడకి ఎంత ఖరీదైన మైక్రోఫోన్ అతికించినా పన్నుపోటు తప్ప ఇంకేమీ వినబడదు. ఈ పరాయి నగరంలో హెడ్‌క్వార్టర్స్ తరఫున స్టేషన్ చీఫ్ ఆయనే. ఖర్మ కాలి నిజంగా పళ్ళ డాక్టర్ కూడా. ఎదురు ప్రశ్నలు వేసే ఏజెంట్ నోట్లో దూది కుక్కే అధికారం ప్రపంచంలో ఇంకే చీఫ్‌కీ లేదు.

చిలక్కొయ్య అన్నది హెడ్‌క్వార్టర్స్‌లో మెషీన్ ఇచ్చిన కోడ్ నేమ్. గోడకి కొట్టి వదిలేస్తే అక్కడే ఉంటాడు కాబట్టి సరిగ్గా సరిపోయిందని తోటివాళ్ళు నవ్వుకునేవారు. అతని కవర్ కళ్ళజోళ్ళ షాపు. కళ్ళు పరీక్ష చేసే మెషీన్‌లో రహస్య కెమెరా ఉంది. గడ్డం ఆనించినవాడి ఫొటో నేరుగా హెడ్‌క్వార్టర్స్‌కి పోతుంది. నాలుగేళ్ళలో వీధి వీధంతా వచ్చి గడ్డాలు ఆనించింది. ఒక్క కంట్లోనూ కుట్ర కనబడలేదు. ఇద్దరి కళ్ళలో శుక్లాలు మాత్రం కనబడ్డాయి, వాళ్ళని ఆస్పత్రికి పంపించాడు.

"అసైన్‌మెంట్," అన్నాడు డెంటిస్ట్. దవడ ఎక్స్‌రేలు చూసే లైటు బోర్డు మీద ఫిల్ములు వరసగా తగిలించాడు. అవి దవడలు కావు, వీధి ఫొటోలు. "మీ వీధిలో ఫారిన్ గూఢచారుల రింగ్ నడుస్తోంది."

"మా వీధిలోనా?"

"నోరు తెరిచే ఉంచు. ఇది చూడు. ఈ బాల్కనీలో వారానికోసారి ఎర్ర చొక్కా వేలాడుతుంది. సిగ్నల్."

"ఆయన బస్సు డ్రైవర్ సార్. ఉన్న మంచి చొక్కా అదొక్కటే. సెలవుకి ముందురోజు ఉతుక్కుంటాడు."

"ఈ ముసలావిడ. కిటికీ కర్టెన్ తీస్తుంది, గబుక్కున వేస్తుంది."

"కొడుకు ఫోన్ చేస్తే వెలుతుర్లో కూర్చుని మాట్లాడదామని తీస్తుంది సార్. కోడలు ఫోన్ అందుకోగానే వేసేస్తుంది."

"ఈ పోస్ట్‌మాన్. వీధంతా ఈల వేసుకుంటూ వచ్చి, ఈ గేటు దగ్గర ఆపేస్తాడు."

"ఆ ఇంట్లో కుక్కుంది సార్."

డెంటిస్ట్ చేతిలోని అద్దం కిందపెట్టాడు. "అన్నిటికీ నీ దగ్గర సమాధానం ఉందే!"

"అక్కడే ఉంటున్నాను కదా సార్."

"అదే నీ ప్రాబ్లెమ్. ఉండమన్నాం గానీ కాపురం పెట్టమన్నామా? ఇదిగో, రింగ్ లీడర్."

ఆ ఫొటోలో రేడియోలు బాగుచేసే పెద్దాయన తన షాపు మెట్ల మీద నిలబడి, సోల్డరింగ్ ఐరన్‌తో వీపు గోక్కుంటున్నాడు. చిలక్కొయ్యకి నవ్వొచ్చింది. ఆ పక్క ఫిల్మ్ చూడగానే నవ్వు ఆగిపోయింది. పొడుగు కోటు, టోపీ, వెనకనుంచి తీసిన ఫొటో. చేతిలో మూత బిగించిన డబ్బా.

"వీడు కొరియర్. మొహం దొరకలేదు. సాయంత్రం షట్టర్లు దించే వేళకి లీడర్ దగ్గర డబ్బా తీసుకుంటాడు, పొద్దున్నే తిరిగిస్తాడు. మామూలు తిండి డబ్బా అయితే పొద్దున ఖాళీగా పోవాలి. ఇది అటూ బరువే, ఇటూ బరువే. ట్రాన్స్‌మిటర్ పార్ట్స్."

"అది నేనే సార్," అన్నాడు చిలక్కొయ్య.

డెంటిస్ట్ ఆ ఫిల్మ్ ఊడదీసి, అతని కోటు పక్కన పెట్టి చూశాడు.

ఈ నగరంలో మొదటి ఏడాది చిలక్కొయ్యని ఎవరూ పలకరించలేదు. మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగి దారి ఇచ్చేవారు. మర్యాదకి లోటు లేదు, మనిషికే లోటు. రెండో ఏడాది అతనికి జ్వరం వచ్చి మూడు రోజులు షాపు తెరవకపోతే, ఎదురు షాపు రేడియో ఆయన తలుపు బాది మరీ లోపలికొచ్చాడు. వెనకే ఆయన భార్య వేడివేడిగా ఏదో వండి డబ్బాలో తెచ్చింది. ఆ రోజునుంచి డబ్బా ఆగలేదు. పెద్దాయన అతన్ని తమ్ముడూ అన్నాడు. అతను ఆయన్ని అన్నయ్యా అన్నాడు, ఆవిడని వదినా అన్నాడు. శిక్షణలో ఎన్నో భాషలు నేర్పారు గానీ, ఆ డబ్బా మూత తీసినప్పుడు ముక్కుకి తగిలిన వేడికి ఏడుపు ఆపుకోవడం ఎవరూ నేర్పలేదు.

"నింపి ఎందుకిచ్చావ్?" అన్నాడు డెంటిస్ట్ చివరికి.

"ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు సార్. రెండు పళ్ళో, గుప్పెడు పంచదారో, ఏదో ఒకటి పెట్టాలి. లేకపోతే మా అమ్మ ఊరుకోదు."

"మీ అమ్మ ఎక్కడుంది?"

"లేదు సార్. పోయి చాలా ఏళ్ళయింది."

డెంటిస్ట్ కాసేపు అతన్నే చూశాడు. జాలిపడుతున్నాడని చిలక్కొయ్య పొరబడ్డాడు.

"పంచదార!" అన్నాడు డెంటిస్ట్. "నీకు తెలుసా, ఈ ఇన్ఫర్మేషన్ ఇచ్చింది వెన్నెల. మన టాప్ సోర్స్. శత్రువుల దగ్గర జీతం తీసుకుంటూ మనకి పనిచేస్తుంది. ఆవిడ డిపార్ట్‌మెంట్ వేరు, నీ డిపార్ట్‌మెంట్ వేరు. నువ్వెవరో ఆవిడకి తెలీదు. ఆవిడ మాట మీద పైవాళ్ళు మంత్రిగారికి చెప్పేశారు, ఈ రోజు ఫారిన్ రింగ్‌ని తుడిచిపెడుతున్నామని. ఇప్పుడు వెళ్ళి, రింగ్ కాదండీ, బస్సు డ్రైవర్ చొక్కా అండీ అని చెప్పమంటావా?"

"మరి మనిషి ప్రాణం సార్?"

"ఆ రేడియో ఆయన నీ దగ్గర కొత్త కళ్ళజోడు ఆర్డర్ ఇచ్చాడు కదా?" డెంటిస్ట్ సొరుగులోంచి నీలం రంగు కేస్ తీసి అతని ఒళ్ళో పెట్టాడు. "అదే ఫ్రేమ్, అదే పవర్. కుడి కాడ చివర సూది ఉంది. చెవికి తగిలించుకోగానే గీసుకుంటుంది. గంటలో గుండె ఆగుతుంది. వయసు మీదపడింది కాబట్టి ఎవరూ అనుమానపడరు."

"నేను చెయ్యలేను."

"నువ్వు కొరియర్‌వి కాదని రుజువు చేసుకోవడానికి ఇంతకంటే మంచి చాన్స్ రాదు. షట్టర్ దించే వేళలోగా నీనుంచి కబురు రాకపోతే వెన్నెల చూసుకుంటుంది. ఆవిడ దగ్గర ఇంకో జత ఉంది." అంటూనే డెంటిస్ట్ సిరంజి తీసి, అతని దవడలో మత్తు గుచ్చేశాడు. "పన్ను చూపించుకున్నవాడిలా కనబడాలి కదా. ఇక నోరు మూసుకో."

చిలక్కొయ్య వీధిలోకి వచ్చేసరికి ఎడమ చెంప తనది కాకుండా పోయింది. మొదట ఎదురైన మురుగు కాలువ జాలీలోంచి నీలం కేస్‌ని లోపలికి జారవిడిచాడు. బస్సులు కిక్కిరిసి ఉన్నాయి, నడక మొదలుపెట్టాడు. అన్నయ్యనీ వదిననీ రైలెక్కించాలి, ముందు అది. ఎలా చెప్పాలి అన్నది తరవాత. నాలుగేళ్ళు అబద్ధం మీద బతికినవాడికి నిజం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు, పైగా నోరు స్వాధీనంలో లేదు.

వీధి ఎప్పటిలాగే ఉంది. పై అంతస్తు టీచరమ్మ మొక్కలకి నీళ్ళు పోస్తుంటే కింది బాల్కనీ బట్టలు తడుస్తున్నాయి, కింది ఆవిడ రోజూలాగే పైకి చూస్తూ అరుస్తోంది. ఒకే షాపుని మధ్యలో గీత గీసి పంచుకున్న అన్నదమ్ములు, గీతకి అటొకడూ ఇటొకడూ నిలబడి ఊడుస్తున్నారు. ఎవరి దుమ్ము ఎవరి వైపు పోయిందా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒకప్పుడు ఈ వీధి చూస్తే చిలక్కొయ్యకి విసుగు. ఇప్పుడు ఇందులో ఏది ఎవరి లైటు బోర్డుకి ఎక్కుతుందో అని భయం వేసింది.

షట్టర్లు దించుతున్నారు.

రేడియో షాపు అద్దంలోంచి ముందు ఆకుపచ్చ గ్లౌజులు కనబడ్డాయి. పియానో టీచర్. ఆవిడ వీధిలో నడిస్తే మంగలి గడ్డం గీయడం ఆపి చూస్తాడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ కూతురు దగ్గర్నుంచి అందరూ ఆవిడ శిష్యులే. ఆ గ్లౌజుల్లో నీలం కేస్ ఉంది. వెన్నెల ఎవరో చిలక్కొయ్యకి ఆ క్షణాన తెలిసింది.

"ఎదురు షాపాయన బయటికి వెళ్తూ నాకిచ్చారు," అంటోంది ఆవిడ. "మీకు అందించమన్నారు."

"మా తమ్ముడంతే! పన్నునొప్పితో చస్తూ కూడా నా కళ్ళే చూస్తాడు," అన్నాడు పెద్దాయన మురిసిపోతూ. కళ్ళజోడు బయటికి తీశాడు.

"పెట్టుకోకండి!" అని అరిచాడు చిలక్కొయ్య. మొద్దుబారిన నోట్లోంచి ఏదో మూలుగు వచ్చింది. రోడ్డుకి అడ్డంపడి పరుగెత్తాడు. వ్యాను బ్రేకులు కీచుమన్నాయి, డ్రైవర్ బండబూతు తిట్టాడు.

లోపల పెద్దాయన అద్దాల మీద నోటి ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అలా తుడిస్తే గీతలు పడతాయని చిలక్కొయ్య మొత్తుకోని రోజు లేదు, ఆయన విన్న రోజూ లేదు. ఒక అద్దం అయింది. రెండోదీ అయింది. రెండు కాడలూ విప్పి మొహం దగ్గరికి తెచ్చాడు. ఎడమ కాడ చెవికి తగిలింది. కుడి కాడ జుట్టులోకి వెళ్తోంది.

చిలక్కొయ్య ఎగిరి ఆ చేతి మీద కొట్టాడు. కళ్ళజోడు నేలమీద పడింది. బూటు మడమతో పటపటమని తొక్కాడు. నలిగిన కాడలోంచి వెంట్రుకంత సూది బయటికొచ్చి, దాని కొసన పసుపు పచ్చటి చుక్క నిలబడింది.

"తమ్ముడూ! పిచ్చిగానీ పట్టిందా?"

లోపల్నుంచి వదిన పరుగెత్తుకొచ్చింది. ఆమె చేతిలో సాయంత్రం డబ్బా ఉంది.

వెన్నెల హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది. చిలక్కొయ్య పెద్దాయనకి అడ్డంగా నిలబడి, ఒక్కో మాటా కూడదీసుకున్నాడు.

"నీ ఫొటోలో కోటు... చూసుకో. ఇదే. నీ కొరియర్ నేనే. హెడ్‌క్వార్టర్స్ ఏజెంట్... చిలక్కొయ్య."

ఆవిడ కోటు చూసింది, టోపీ చూసింది. మొహంలో సిగ్గు లేదు, లెక్క ఉంది. "అయ్యో, మీరు మావాళ్ళేనా?" అంది. "మరి డబ్బా నింపి ఎందుకిచ్చేవారు? అదొక్కటి లేకపోతే నేను ఈ వీధిని వదిలేసేదాన్ని."

"రింగ్ లేదని నీకు తెలుసు."

"తెలుసు. రెండు పక్షాలవాళ్ళూ రింగ్ కావాలన్నారు. నేను కిటికీలోంచి చూసింది రాశాను. అబద్ధం ఒక్కటీ లేదు, చొక్కా ఎర్రదే కదా?" బ్యాగ్‌లోంచి తీసింది పిస్టల్ కాదు, చేతిరుమాలు. దానితో సూది ముక్కని జాగ్రత్తగా చుట్టుకుంది. "నాకు కావలసింది ముగిసిన ఆపరేషన్. శవం కాదు. ఈయన రేపు పొద్దున ఈ నగరంలో కనబడకపోతే పోయాడని నేనూ రాస్తాను, మీరూ రాయండి. కనబడితే మళ్ళీ వస్తాను. ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పుకుంటారా, చెప్పుకోండి. ఆయన మా ఇంటికే వస్తున్నారు, అమ్మాయిని దింపడానికి."

ఆవిడ వెళ్ళిపోయింది. ఎదురుగా మంగలి కత్తి ఆపి చూశాడు.

వినవలసినదంతా ఆ ఇద్దరూ విన్నారు. చిలక్కొయ్య మోకాళ్ళ మీద కూర్చుని మిగిలింది తనే చెప్పాడు. దేశం, ఉద్యోగం, కళ్ళ మెషీన్‌లో కెమెరా, అన్నీ. చెప్తున్నంతసేపూ పెద్దాయన ఆగిపోయిన రేడియో ఒకటి ఒళ్ళో పెట్టుకుని దాని మరలు బిగిస్తూ కూర్చున్నాడు.

"అంటే మా ఇంటి తిండి తిని, మామీద రిపోర్టులు రాశావా?"

"మీ గురించి చెడ్డగా ఒక్క ముక్క రాయలేదన్నయ్యా. ఒట్టు."

"మంచిగా మాత్రం ఎందుకు రాశావ్?"

చిలక్కొయ్య తల దించుకుని ఏడ్చాడు. నోటికి ఒక పక్కే తెలివి ఉండడం వల్ల ఆ ఏడుపు కూడా వంకరగా వచ్చింది.

"ముప్పై ఏళ్ళ షాపు," అన్నాడు పెద్దాయన. "ప్రాణం కాపాడావు, కాదనను. కానీ తమ్ముడూ, అసలు నువ్వు ఈ వీధికి రాకపోతే ఆ ప్రాణానికేం వచ్చేది?" అన్నాక, తమ్ముడూ అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

వదిన రెండు పెట్టెలు సర్దింది. డబ్బాలో వండింది ఉన్నది ఉన్నట్టు వీధి చివర చెత్తకుండీలో గుమ్మరించి, డబ్బా కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టుకుంది. చిలక్కొయ్య పెట్టె అందుకోబోతే చెయ్యి తోసేసింది. తొలి రైలుకి వాళ్ళిద్దరే వెళ్ళారు, ఏ ఊరికో చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదని గూఢచారిగా అతనికి తెలుసు. మనిషిగా మాత్రం ప్లాట్‌ఫారం చివర స్తంభం చాటునే నిలబడి, రైలు కదిలేదాకా చూశాడు.

తాళం పడ్డ రేడియో షాపు ముందు వీధి వీధంతా మాట్లాడుకుంది. పెద్దాయన ఏదో దేశద్రోహం పని చేశాడట, అందుకే పారిపోయాడట అన్నారు. అన్నదమ్ములిద్దరూ చాలా ఏళ్ళ తరవాత ఒక మాట మీద నిలబడి, మాకు ముందునుంచీ అనుమానమే అన్నారు. చిలక్కొయ్య వాళ్ళ కళ్ళు పరీక్ష చేసి పంపించాడు. కాదనడానికి అతనికి ఏ అర్హతా మిగల్లేదు.

వారం తిరక్కుండా హెడ్‌క్వార్టర్స్‌నుంచి కోడ్ మెసేజ్ వచ్చింది. రింగ్‌ని సమూలంగా నాశనం చేసినందుకు అభినందనలు, ప్రమోషన్, ఇంకో దేశంలో ఇంకో నగరం. ఇరుగుపొరుగుతో ఇట్టే కలిసిపోవడం మీ ప్రత్యేకత కాబట్టి, ఈసారి చాలా మంచివాళ్ళు ఉండే వీధి చూసి ఇల్లు తీసుకున్నాం అని రాశారు.

చిలక్కొయ్య జవాబు ఒక్క ముక్కలో పంపించాడు: ప్రమోషన్ మీరే ఉంచుకోండి, దుర్మార్గులుండే వీధి ఏదైనా ఉంటే చూడండి.