ఖాళీ ట్యాంకు

"ఈసారి కూడా రక్తం పెరగలేదంటే నా గుండె ఆగిపోతుంది," అంది అమ్మ.

ఇంకా సూదైనా గుచ్చలేదు. ఇద్దరూ ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అమ్మ చేతిసంచి పట్టీని మెలిపెడుతూనే ఉంది.

పక్కనున్న కూతురికి పదేళ్లు. ఇంట్లో అందరూ ఉడుత అని పిలుస్తారు. ఒకప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు. ఇప్పుడు బడిలో పై అంతస్తుకి ఎక్కాలంటే మధ్యలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

"నాకేం కాదులే అమ్మా."

"మీ పిన్నీ ఇదే మాట అనేది."

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. ఉడుత ఈడులోనే రక్తం జబ్బుతో పోయింది. ఇంట్లో గోడ మీది ఫోటోలో రెండు జడలతో ఉంటుంది. ఆ ఫోటో దుమ్ము తుడిచిన ప్రతిసారీ అమ్మ ఉడుతను దగ్గరికి పిలుస్తుంది. కంటి కింది రెప్ప లాగి, లోపల ఎర్రగా ఉందో లేదో చూస్తుంది.

ల్యాబ్ అతను లోపలికి రమ్మన్నాడు. ఉడుత మోచేతికి పైన రబ్బరు పట్టీ బిగించాడు.

"ఉడుత అట కదా నీ పేరు. మరి పారిపోకు, నరం దొరకదు," అన్నాడు. అమ్మ నవ్వలేదు.

"పొద్దున ఐరన్ మాత్ర వేసుకోలేదు కదా? వేసుకుంటే లెక్క తప్పుగా వస్తుంది."

"లేదండీ. రోజూ రాత్రి భోజనం అయ్యాక నేనే ఇస్తాను," అంది అమ్మ.

"నువ్వు చెప్పు పాపా."

ఉడుత తల అడ్డంగా ఊపింది.

అది అబద్ధం. పొద్దున అమ్మ స్నానానికి వెళ్లగానే ఒక మాత్ర మింగేసింది. దాని వెనక ఇంకో పెద్ద అబద్ధం ఉంది. అమ్మ రాత్రిపూట ఇచ్చే మాత్రలేవీ ఉడుత మింగడం లేదు.

మొదట్లో మింగేది. కడుపులో తిప్పేది, నోరంతా తుప్పు రుచి. ఒకరోజు దొడ్డికి బొగ్గులా నల్లగా వచ్చింది. ఐరన్ వేసుకుంటే అలాగే వస్తుందని ఉడుతకి ఎవరూ చెప్పలేదు. భయపడింది. అమ్మకి చెబుదామనుకుంది. కానీ తుమ్మినా కంగారుపడే అమ్మ, ఇది వింటే ఏమైపోతుందో?

ఆ రాత్రి మాత్రను నాలుక కింద దాచి నీళ్లు తాగింది. అమ్మ అటు తిరగ్గానే తీసి మంచం కోడులో పడేసింది. అది ఇనుప మంచం. తలవైపు కోడు మీది ప్లాస్టిక్ మూత ఎప్పుడో ఊడిపోయింది. లోపలంతా బోలు గొట్టం. మాత్ర టక్కుమని అడుక్కి జారిపోయింది. అప్పటినుంచి రోజూ అంతే.

ఇవాళ ఒక్కటి మింగితే రక్తంలో ఐరన్ కనిపిస్తుంది, అమ్మ మనసు కుదుటపడుతుంది. ఉడుత అనుకున్నది ఇది.

సూది దిగింది. ఉడుత కళ్లు మూసుకుంది. అమ్మ కూడా.

రిపోర్టు వచ్చేదాకా అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది కానీ, ధ్యాస అక్కడ లేదు. ఎవరిదో గౌనుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసింది. మళ్లీ విప్పుకుంటూ, "ఏమీ ఉండదు. ఏమీ ఉండకూడదు," అని తనలో తనే అనుకుంది.

డాక్టరమ్మ రిపోర్టును చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏముంది డాక్టర్‌గారూ? నా దగ్గర దాచకండి."

"దాచడం కాదమ్మా, నాకే అర్థం కావడం లేదు." ఆమె ఉడుత వైపు తిరిగారు. "మీ ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉందా?"

"ఉంది."

"ఇందులో ఒక పరీక్ష కుళాయి లాంటిది. ఈ పూట రక్తంలో ఎంత ఐరన్ పారుతోందో చెబుతుంది. ఫెరిటిన్ అని ఇంకోటుంది. అది ట్యాంకు లాంటిది, ఒంట్లో ఎంత నిల్వ ఉందో చెబుతుంది. నీకు కుళాయి జోరుగా ఉంది. ట్యాంకు చూస్తే అడుగంటిపోయింది. హీమోగ్లోబిన్ కూడా పోయినసారి కంటే తగ్గింది."

"మరి ఇన్నాళ్లు వేసిన మాత్రలు?" అంది అమ్మ.

"అదే నా అనుమానం. వేసింది వేసినట్టు ఎక్కడికో పోతోంది. లోపల ఎక్కడైనా రక్తం కారుతోందేమో చూడాలి. పెద్దాసుపత్రికి రాస్తాను. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూస్తారు. అప్పటికీ తెలియకపోతే ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేస్తారు."

అమ్మ ఏడుస్తుందనుకుంది ఉడుత. అమ్మ ఏడవలేదు. కదలకుండా, గోడకేసి చూస్తూ కూర్చుంది.

"మా చెల్లికీ మూలుగ తీశారు," అంది నెమ్మదిగా. "నేను బయట వరండాలో ఉన్నాను. తలుపు వేసినా దాని ఏడుపు వినబడింది."

డాక్టరమ్మ పెన్ను తీశారు. రాయబోయి ఆగారు.

"ఒక్క మాట. మాత్రలు రోజూ వేసుకుంటోందా?"

అమ్మ ఉడుత తల మీద చెయ్యి పెట్టింది. "నా చేత్తో ఇస్తున్నానండీ. నా బిడ్డ మీద ఒట్టు."

"మిమ్మల్ని కాదమ్మా. పాపని అడుగుతున్నాను. రోజూ మింగుతున్నావా?"

ఉడుత డాక్టరమ్మ పెన్ను వైపు చూసింది.

పైన ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరినో లోపలికి పిలిచి, మళ్లీ ఆగమన్నారు. కాగితం మీద ఆనిన పెన్ను అలాగే ఉంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. తల మీది అమ్మ చెయ్యి చల్లగా ఉంది. ఒట్టు పెట్టినప్పటినుంచి అక్కడే ఉంది.

ఉడుత ఆ చేతిని తల మీంచి దించింది. తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుంది.

"అన్నీ మంచం కోడులో ఉన్నాయమ్మా," అంది. "రక్తం తీసిన రోజు పొద్దున మాత్రం, ఒకటి మింగాను."