గొళ్లెం లేని తలుపు

అంబమ్మ తట్టే జొన్నరొట్టె చప్పుడుకే రాయచూరులో వాళ్ల వీధి లేచేది. ఆ పొద్దున మాత్రం ఇంట్లో ఎవరికీ రొట్టె మీద ధ్యాస లేదు. మనవరాలు నేత్ర బెంగళూరు ల్యాబు నుంచి వాడిన మొహంతో వచ్చి కూర్చుంది. ఫోటో స్టూడియో నడిపే కొడుకు సూగప్ప చాయ్ గ్లాసు ఠక్కున దించాడు.

“మీ గైడు సార్ ఫోన్ చేసిండు. ఒక్క మాట రాస్తే డాక్టరేట్ వస్తదంట. ఏందే నీ జిద్దు?”

“అది అబద్ధం నాయినా! గిన్నెలల్ల కణాలు పెంచి, ఎ విటమిన్ మందు పోస్తం. తెల్లారేసరికి సగం మాయం. కణాలే తిన్నయని రాయమంటుండు. కణాలు లేని ఉత్త గిన్నెల గూడ పోసి చూసిన. అందుల గూడ అంతే పోయింది. వెలుతురుకు, వేడికి దానంతటదే చెడిపోతది.”

“చెడిపోనీ. ఎవరికి తెలుస్తది?”

“నాకు తెలుసు గద.”

“అబ్బో, హరిశ్చంద్రుని బిడ్డ!”

“కాదురా, సూగప్ప బిడ్డనే,” అంది అంబమ్మ, పెనం మీది రొట్టె తిప్పుతూ. “కవితాళ ఊరి మంజమ్మ బిడ్డ పెండ్లి రీలు మరిచినవా? నువ్వు చీకటి గదిల కడుగుతుంటే చిన్నప్పుడు ఈ పిల్లే తలుపు తీసె. వెలుతురు పడి పెండ్లంతా తెల్లగైపాయె. రీలే ఖరాబుదని చెప్పమని నేనే అంటి. విన్నవా? వాళ్ల వాకిట్ల నిలబడి, గొళ్లెం పెట్టనిది నేనే అంటివి. ఆమె చెప్పు తీసినా తల దించలే.”

నేత్ర తండ్రి వైపు తిరిగింది. “తలుపు తీసింది నేనా?”

సూగప్ప చూపు మూలగది వైపు మళ్లింది. అంతలో ఫోన్ మోగింది. నేత్రే ఎత్తింది.

“రాయను సార్. వెలుతురు తగలకుండ అన్నీ మళ్ల చేస్త.” ఇక గైడుగా ఉండనని అవతల సార్ అన్నా ఆమె తగ్గలేదు. “సరే సార్. వేరే గైడును చూసుకుంట.”

ఫోన్ పెట్టేశాక చేతుల్లో మొహం దాచుకుంది. చదివిన ఏళ్లన్నీ ఆ ఒక్క మాటతో పోయినట్టే ఉంది.

సూగప్ప లేచి మూలగదిలోకి పోయాడు. ఫోటోలు కడిగే రోజుల్లో, వెలుతురుకు కాగితం చెడకుండా వాడిన ఎర్ర బల్బు తెచ్చి, కండువాతో దుమ్ము తుడిచి బిడ్డ ఒళ్లో పెట్టాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

“ఏ సార్ దొరికినా, దీని కింద చెయ్ బిడ్డా. గొళ్లెం మాత్రం మరువకు.”