ఎర్ర డబ్బా వెనక ఆఖరి వరుస

"అమ్మో నత్తా, ఇంకా మొదటి వరుసలోనే ఉన్నావా? నేను రెండు డబ్బాలూ చదివి అవతల పడేశా!"

పిన్ని గుడ్డలు కత్తిరించే బల్ల మీదకెక్కి, కాళ్ళు ఊపుకుంటూ అరిచింది గడగడ.

గడగడ అంటే పదేళ్ళ పిల్ల. వీధిలో వాళ్ళంతా కలిసి పెట్టిన పేరది. బస్సు మీద బోర్డయినా, మందు సీసా మీద చీటీ అయినా కంటబడితే చాలు, ఊపిరి తీసుకోకుండా చదివేస్తుంది. దాని చెల్లికి ఎనిమిదేళ్ళు. చెల్లి మాత్రం ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ఆ అక్షరంతో స్నేహం కుదిరాక గాని పక్కదాని దగ్గరికి వెళ్ళదు. అందుకే అక్క దానికి నత్త అని పేరు పెట్టింది.

బడి అయ్యాక ఇద్దరూ పిన్ని కుట్టు దుకాణానికి వస్తారు. తొమ్మిది రోజుల నుంచి అయితే వస్తున్నారనడం కాదు, పరుగెత్తుకొస్తున్నారు! ఎందుకంటే, మిషను పక్కన గుడ్డముక్కల బుట్ట ఉంది. అందులో ఒక బూడిదరంగు పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్ళయినా తెరవని నాలుగు కూనలు! ఒకదాని మీద ఒకటి పడి, పట్టు ముక్కల మధ్య దూది ఉండల్లా దొర్లుతుంటాయి.

తల్లిని మాత్రం చూస్తే జాలేస్తుంది. వీపు మీద చెయ్యి వేస్తే చొక్కా గుండీల వరుసలా ఎముకలు తగులుతాయి. నిన్న పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళింది.

"ఈ తల్లికి ఒంట్లో సత్తువ లేదు. ఇది కోలుకోకపోతే పాలు తగ్గిపోతాయి, పిల్లలు దక్కవు," అంది డాక్టరమ్మ. "ఓ నెల రోజులు డబ్బాలో వచ్చే మంచి తడి తిండి పెట్టండి. ముందువైపున్న బొమ్మ చూసి మురిసిపోకండి. డబ్బా తిప్పి వెనక చదవండి. సంపూర్ణ ఆహారం అని రాసి ఉండాలి. ప్రొటీన్ బాగా ఉండాలి."

ఆవిడ చెప్పినవి రెండు మాటలు. గడగడ చెవిన పడింది ఒక్కటే. ప్రొటీన్!

వీధి చివర పెంపుడు జంతువుల దుకాణం ఉంది. దాని యజమాని కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. పిల్లలంతా ఆయన్ని అద్దాల మావయ్య అంటారు. పిన్ని ఆయన దుకాణానికి పరదాలన్నీ కుట్టిపెట్టింది. దానికి బదులుగా నెలకి సరిపడా డబ్బాలు ఇస్తానన్నాడాయన. చూసుకోమని ఒక ఎర్ర డబ్బా, ఒక నీలం డబ్బా పంపాడు.

"ఏది కావాలో ఫోన్లో చెప్పండి, పెట్టె కట్టి తెచ్చిస్తా," అన్నాడు. "అయిదింటికల్లా దుకాణం మూసి ఊరెళ్తున్నా. మళ్ళీ పది రోజులకి గాని రాను."

ఇప్పుడు టైం నాలుగు దాటింది. పిన్నికి ఊపిరాడని పని. బడి యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి.

"మీరిద్దరూ చదివి చెప్పెయ్యండే, నాకు సూదిలో దారం ఎక్కించుకునే తీరికైనా లేదు," అంది పిన్ని, మిషను ఆపకుండానే.

అంత పెద్ద పని తనకి అప్పగించేసరికి గడగడకి రెక్కలొచ్చాయి.

"ఎర్ర డబ్బా! ఎర్ర డబ్బానే!" అంది. "చూడు, చేప ఎలా ఎగురుతోందో! ప్రొటీన్ పదకొండు శాతం. నీలం దాంట్లో పదే. పదకొండు పెద్దదా, పది పెద్దదా?"

"పదకొండే," అంది చెల్లి, డబ్బా మీంచి వేలు తీయకుండా. "కానీ అక్కా, ఇక్కడ తేమ అని ఉంది. ఎర్రదాంట్లో డెబ్బై. నీలం దాంట్లో ఎనభై. తేమంటే నీళ్ళేగా?"

"నీళ్ళతో మనకేం పని? పిల్లి నీళ్ళు గిన్నెలో తాగుతుంది!"

"వెనక ఇంకా చాలా ఉందక్కా. చదవనీ."

"నువ్వు చదివేసరికి ఆ కూనలకి మీసాలు నెరుస్తాయి!"

చెల్లి వేలు మాత్రం తర్వాతి అక్షరం కిందికి జరిగింది.

గడగడ అప్పటికే పిన్ని ఫోన్ తీసుకుంది. "మావయ్యా! ఎర్ర డబ్బాలు! పెట్టె నిండా!"

"అంతా చదివే చెప్తున్నావా, గడగడా?" అవతలి నుంచి అద్దాల మావయ్య అడిగాడు. "తీరా నేను బస్సెక్కాక వద్దంటే కుదరదు."

గడగడ ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే.

"మొత్తం చదివేశా మావయ్యా!"

ఫోన్ పెట్టేసి, బుట్ట ముందు కూర్చుని తల్లిపిల్లికి శుభవార్త చెప్పింది. "ఇంకో అరగంటలో నీకు విందే విందు!" పిల్లి ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది.

అంతలో ఒక టీచరమ్మ గుడ్డ పట్టుకుని హడావిడిగా లోపలికొచ్చింది.

"ఇది ఇప్పుడే కత్తిరించెయ్యమ్మా, నా కళ్ళముందే! రేపు వేసుకోవాలి. రెండున్నర మీటర్లు కొలిపించి మరీ తెచ్చాను."

పిన్ని గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ముడి నూలు టీచర్ గారూ. నీళ్ళల్లో ముంచి, ఆరేశాక గాని నేను కత్తెర పెట్టను."

"రెండున్నర ఉందంటుంటే!"

"ఇప్పుడు ఉంది. తడిసి ఆరాక ఎంత మిగిలితే అదే నాకు లెక్క. ఈ కొలత నమ్మి కుట్టేస్తే, మొదటి ఉతుక్కే చంకలు పట్టేస్తాయి. మీరు చెయ్యెత్తి బోర్డు మీద రాయలేరు."

టీచరమ్మకి నవ్వొచ్చేసింది. గుడ్డ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

గడగడ మాత్రం నవ్వలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఆరాక ఎంత మిగిలితే అదే లెక్క. డెబ్బై. ఎనభై. ఆరాక ఎంత?

"పిన్నీ! డబ్బాలో తిండిని కూడా ఆరబెడితే?"

"ఏంటే?"

గడగడ గుండీల పెట్టె బల్ల మీద గుమ్మరించింది.

"ఇలా రా చెల్లీ, లెక్కపెట్టు! ఎర్ర డబ్బాలో వందకి డెబ్బై నీళ్ళు. అవి పోతే ముప్పై మిగుల్తాయి. ముప్పై గుండీలు పెట్టు. అందులో ప్రొటీన్ పదకొండు. ఆ పదకొండూ నల్లవి పెట్టు."

చెల్లి పెట్టింది. పదకొండు నల్లవి, పంతొమ్మిది తెల్లవి.

"ఇప్పుడు నీలం. ఎనభై నీళ్ళు పోతే ఇరవై. అందులో ప్రొటీన్ పది."

పది నల్లవి, పది తెల్లవి. సరిగ్గా సగానికి సగం!

ముగ్గురూ రెండు కుప్పల వంకా చూశారు. పిన్ని మిషను ఆగింది. ఆ రోజు మొత్తానికి అది ఆగడం అదే మొదటిసారి.

"ఎర్ర కుప్పలో తెల్లవే ఎక్కువ," అంది చెల్లి.

"ఆ తెల్లవి ఏంటో?" అంది పిన్ని.

చెల్లి వేలు ఎర్ర డబ్బా మీద పదార్థాల పట్టికలోకి వచ్చింది. "నీళ్ళు. గో...ధుమ పిండి. మొక్కజొన్న పిండి. కోడి మాంసం. చేప, నాలుగు శాతం."

"నాలుగా!" గడగడ డబ్బా లాక్కుని చూసింది. "ముందేమో ఇంత పెద్ద చేప ఎగురుతోంది. లోపల దాని తోకైనా పట్టదా?"

"నీలం దాంట్లో మొదట కోడి మాంసం, తర్వాత కోడి కార్జం," అంది చెల్లి.

"ఎక్కువున్నదే ముందు రాస్తారమ్మా," అంది పిన్ని. "ఈ పిల్లి పొట్ట ఎంత? నా గుప్పెడంత. అది పిండితోనే నిండిపోతే ఇక మాంసానికి చోటేదీ?"

అప్పటికి చెల్లి వేలు ఎర్ర డబ్బా అడుగు అంచుకి చేరింది. అక్కడ ధర చీటీ అతికించి ఉంది. చీటీ కింద నుంచి చీమ తలకాయలంత అక్షరాలు తొంగి చూస్తున్నాయి. చెల్లి గోటితో చీటీ మెల్లగా ఒలిచింది.

"ఇది... సం...పూర్ణ... ఆహారం... కాదు," అని చదివింది. "అప్పుడప్పుడు... ఇతర ఆహారంతో... కలిపి మాత్రమే... పెట్టాలి."

నిన్న డాక్టరమ్మ చెప్పిన మొదటి మాట అప్పుడు గుర్తొచ్చింది గడగడకి. నెల రోజులు! అచ్చంగా ఇదే తిండి! పాలిచ్చే తల్లికి!

గోడ గడియారం చూసింది. అయిదుకి పదకొండు నిమిషాలు.

"ఫోన్ చెయ్యి పిన్నీ!"

పిన్ని చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. "సామాను సర్దుకుంటూ ఉంటాడు. పరుగెత్తండి! రోడ్డు దాటేటప్పుడు చూసుకోండి!"

గడగడ రెండు డబ్బాలూ చంకన పెట్టుకుంది. ఇంకో చేత్తో చెల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వీధిలో పడ్డారు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు దాటారు, బ్రెడ్డు దుకాణం దాటారు, ఇస్త్రీ బండిని చుట్టి వచ్చారు. చెల్లి చెప్పు ఒకటి జారితే అది చేత్తో పట్టుకుని పరుగెత్తింది!

అద్దాల మావయ్య స్కూటరు మీద పెట్టె తాడుతో కట్టేసి ఉంది. దుకాణం షట్టరు సగం దించేశాడు.

"మావయ్యా, ఆగు!"

"మీ దగ్గరికే బయల్దేరాను. ఏమైందే అంత ఆయాసం?"

గడగడ ఊపిరి కూడదీసుకుంది. దారంతా ఒక కథ అల్లుకుంటూ వచ్చింది. పిన్ని మనసు మార్చుకుందనీ, పిల్లికి ఎర్ర రంగు పడదనీ. ఆయన మందపాటి అద్దాల వెనక కళ్ళు చూసేసరికి ఆ కథ నోట్లోనే కరిగిపోయింది.

"నేను మొత్తం చదవలేదు మావయ్యా. చదివానని నీతో అబద్ధం చెప్పా. ఇది సంపూర్ణ ఆహారం కాదు. మా చెల్లి చదివి పట్టుకుంది."

అద్దాల మావయ్య డబ్బా తీసుకుని కళ్ళద్దాలకి ఆనించి చూశాడు. "చీటీ నేనే దాని మీద అతికించానన్నమాట," అని గొణిగాడు. తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"నీలం ఇచ్చెయ్యి మావయ్యా!"

"ఇందాక సర్దుతూ లెక్కపెట్టా, నీలం పదే మిగిలాయమ్మా. నెలకేం సరిపోతాయి?" షట్టరు కింద నుంచి వంగి లోపలికెళ్ళి, ఇంకో డబ్బా పట్టుకొచ్చాడు. ఆకుపచ్చది. దాని మీద ఏ చేపా ఎగరడం లేదు. "ఇది నిన్ననే వచ్చింది. ప్రొటీన్ పదకొండు. పెట్టెడు ఉంది. కట్టెయ్యనా? నా బస్సు ఇరవై నిమిషాల్లో."

పదకొండు! గడగడ నాలుక చివరికి 'సరే' వచ్చేసింది. వచ్చినదాన్ని గుటుక్కున మింగింది.

డబ్బా చెల్లి చేతిలో పెట్టింది. "నువ్వు చదువు."

"నేనా? ఆలస్యం అవుతుందక్కా."

"అవనీ. మావయ్యా, ఒక్క అయిదు నిమిషాలు ఆగవా?"

మావయ్య వాచీ చూసుకున్నాడు, స్కూటరు చూసుకున్నాడు, చివరికి ఎర్ర డబ్బాల పెట్టె మీద చతికిలబడ్డాడు. "కానీండి తల్లీ. అంతగా అయితే బస్సు వెనక పరుగెత్తుతా."

చెల్లి చెప్పు కింద పెట్టి, వేలు అక్షరం కింద పెట్టింది. వెలుతురు సరిగ్గా పడేలా గడగడ డబ్బాని రెండు చేతులతో పట్టుకుంది.

"పిల్లి కూనలకీ... పాలిచ్చే... తల్లులకీ... సం..."

ఆ తర్వాతి మాట గడగడకి తెలుసు. కళ్ళకి ఎదురుగా కనిపిస్తూనే ఉంది. పెదవి పళ్ళతో బిగించి పట్టుకుంది.

"...పూర్ణ ఆహారం."

గడగడ ఎగిరి గంతేసింది. డబ్బా మాత్రం కదలనివ్వలేదు.

"కోడి మాంసం. కోడి కార్జం. రసం. ప్రొటీన్ పదకొండు. తేమ డెబ్బై ఎనిమిది."

"వందలోంచి డెబ్బై ఎనిమిది పోతే..." గడగడ వేళ్ళు ముడిచింది. "ఇరవై రెండు! అందులో పదకొండు అంటే సగం! సగానికి సగం!"

"కట్టెయ్యనా మరి?" మావయ్య లేవబోయాడు.

"అప్పుడేనా? ఇంకా రెండు వరుసలున్నాయి," అంది గడగడ.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. చెల్లి ఆ రెండు వరుసలూ చదివింది. ఒక్కో అక్షరమే, ఒక్కో అక్షరమే. నిలవ చేసే పద్ధతి, తయారుచేసిన చోటు. అన్నీ బాగానే ఉన్నాయి.

"అయిపోయిందక్కా."

గడగడ డబ్బాని తలకిందులు చేసి చెల్లి ముందు పెట్టింది.

"అడుగున తేదీ ఉంటుంది. అది కూడా చదువు చెల్లీ. నేను ఇక్కడే ఉన్నా."